శ్రుతి పట్టకారు

మా ఆయనకి చెవులు వినపడడం లేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అంతకుముందు దాన్ని మగవాళ్ళందరికీ ఉండే జబ్బే అనుకున్నాను. అన్నానికి రమ్మంటే పలకడు, మేకకి గడ్డి వేశావా అంటే పలకడు, ఉప్పు నిండుకుందంటే అసలే పలకడు. మా కాంపులో ఏ ఇంట్లో అడిగినా అదే పాట. పొద్దస్తమానం చెరకు తోటలో పని చేయించే సర్దారు కేకలు విని వచ్చిన మనిషి, ఇంటికొచ్చి పెళ్ళాం కేకలు కూడా ఎందుకు వింటాడులే అని సరిపెట్టుకున్నాను.

కాంపంటే రోజ్ బెల్ అవతల చక్కెర మిల్లువాళ్ళు కూలీలకి వేసిన ఇళ్ళ వరస. మా తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ దీవికి వచ్చినవాళ్ళమే అందులో ఎక్కువ. ఇళ్ళ చివర గడ్డికప్పు కోవెల ఒకటి కట్టుకున్నాం. శనివారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అక్కడ రామభజన జరిగేది. మధ్యలో నిలువెత్తు దీపపు సెమ్మె, దాని చుట్టూ తాళాలు పట్టుకుని తిరిగే మగవాళ్ళు, పక్కన చాపల మీద మేము. ఆ భజనకి మా ఆయన గురువు. మొదటి చరణం ఆయన ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. మాకు హార్మోనియం లేదు, శ్రుతిపెట్టె లేదు. ఆయన ఎక్కడ ఎత్తుకుంటే అదే శ్రుతి. అది ఏ శనివారమూ మారేది కాదు. నేను బియ్యం చెరుగుతూ కూనిరాగం తీసినా అదే స్థాయిలో వచ్చేది, అంతగా నాకు అలవాటైపోయింది.

ఒక ఏడు తుఫానుకి ఇంటి కప్పు లేచిపోయి రెండ్రోజులు తడిశాం. ఆయనకి జ్వరం వచ్చి రెండు చెవుల్లోంచీ చీము కారింది. మా అత్త వెల్లుల్లి కాచిన నూనె పోసింది. చీము తగ్గింది. దాని వెనకే వినికిడి కూడా, ఎవరికీ చెప్పకుండా, కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. ఆయనా చెప్పలేదు. చెప్పే రకం కాదు. నొప్పి, ఆకలి, కావలసినవీ అక్కర్లేనివీ అన్నీ లోపలే దాచుకుంటాడు. మేకని కట్టేటప్పుడు ఒక ముడి వేసేవాడు, అటూ ఇటూ దూర్చి, మధ్యలోంచి లాగి. దాన్ని విప్పలేక నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో. మనిషీ ఆ ముడి లాంటివాడే.

సంగతి భజనలో బయటపడింది. ఒక శనివారం ఎంత పైన ఎత్తుకున్నాడంటే, అందుకోబోయిన వాళ్ళ మెడనరాలు ఉబ్బిపోయాయి. పై వారం గొణుగుడులా కిందికి దిగిపోయాడు. చాపల మీద ఆడపిల్లలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం దీపం వైపు చూస్తూ పాడుతూనే ఉన్నాడు. తాళాలు ఒక దారిన, తానొక దారిన పోతున్నట్టు ఆయనకి తెలియలేదు. అది చూశాక నాకు నవ్వు రాలేదు, కోపం రాలేదు. ఇంట్లో పలకకపోవడం కూడా ఇందుకేనని అప్పుడు తెలిసింది.

కోవెల బాగోగులు చూసే పెద్దాయన, నాకు అన్న వరసవాడు, మర్నాడు ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు చెరకు గురించి, వాన గురించి మాట్లాడి, లేవబోతూ అన్నాడు.

"సెల్లీ, బావని కొన్నాల్లు కూకోబెడదామేటి. సింహాద్రప్పన్న పూజ వరకు సూద్దాం. ఆ పొద్దు పక్క కాంపులోల్లు కూడా వస్తారు. నలుగురిలో బావని నవ్వులపాలు సెయ్యడం నాకిష్టం నేదు."

మంచి మనసుతోనే అన్నాడు.

నిజం చెప్పాలంటే భజన నాకు రెండో బెంగ. మొదటి బెంగ వేరే. ఇదివరకు నేను "మావా" అంటే, పెరట్లో ఉన్నా వీధిలో ఉన్నా "ఊఁ" అనేవాడు. పని ఉన్నా లేకపోయినా పిలిచేదాన్ని, ఆ ఊకారం కోసం. ఇప్పుడు భుజం తట్టి, ముందుకొచ్చి నిలబడి, చేతులు ఊపి చెప్పాలి. ఉప్పు, గడ్డి, అన్నం, ఇవి చేతులతో చెప్పొచ్చు. ఊరికే పిలవడం చేతులతో ఎలా చేస్తాం? మనిషి ఇంట్లోనే, పక్క చాప మీదే ఉండగా ఆ మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

రోజ్ బెల్ దవాఖానాలో దొర డాక్టరు ఉండేవాడు. మా ఆయన్ని బతిమాలి, చివరికి అలిగి, లాక్కెళ్ళాను. డాక్టరు "లి పా తాండే?" అని దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్లో అడిగాడు. వినపడదా ఈయనకి, అని. వినపడదన్నాను. సొరుగులోంచి ఒక ఉక్కు వస్తువు తీశాడు. ట్యూనింగ్ ఫోర్క్ అని ఇప్పటి పిల్లలంటారు. ఫ్రెంచివాళ్ళు దియపాజోన్ అంటారు. నాకు మాత్రం అది పొయ్యి మీంచి గిన్నె దించే పట్టకారులా కనిపించింది. జానెడు పొడవు, రెండు కొమ్మలు, ఒక్కో కొమ్మ చివర ఒక బిళ్ళ, కింద పట్టుకోవడానికి కాడ. డాక్టరు దాన్ని తన మోకాలికి కొట్టి మా ఆయన చెవి దగ్గర పెట్టాడు. ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ కొట్టి, ఈసారి కాడని చెవి వెనక ఎముకకి ఆనించాడు.

మా ఆయన ఉలిక్కిపడి డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఇనపడతంది," అన్నాడు. చెవిటివాళ్ళకి తమ గొంతు కొలత తెలియదు కదా, బయట వరసలో కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా అన్నాడు. "తుమ్మెదలాగ ఇనపడతంది."

డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు. ఇంటికి వీధి గుమ్మం మూసుకుపోయింది, లోపల మనిషి బాగానే ఉన్నాడు. గాలి దారిన వచ్చే చప్పుడు లోపలికి పోదు, ఎముక దారిన వచ్చేది పోతుంది. గుమ్మం మళ్ళీ తెరుచుకుంటుందా అన్నాను. లేదన్నాడు. కాస్త మెల్లిగా చెబితే ఏం పోయేదో ఆయన సొమ్ము. ఈ పట్టకారు మాకు ఇస్తారా అన్నాను. ఇది మీకు పనికిరాదు, ఇది చెవిని పరీక్ష చెయ్యడానికి మాత్రమే, పాడేవాళ్ళకి వేరే రకం ఉంటుంది, పోర్ట్ లూయీ పట్నంలో పియానోలు అమ్మే దుకాణంలో అడగండి, అన్నాడు.

ఇద్దరం రైలెక్కాం. మిల్లు ఆగిన రోజులు కాబట్టి వెళ్ళడానికి తీరింది. దారిలో ఆయన కిటికీ పక్క చెక్కకి తల ఆనించి కునుకు తీయబోయాడు. అంతలో కళ్ళు తెరిచి, చెక్కని చేత్తో తడిమి, మళ్ళీ తల ఆనించాడు.

"ఓలే, రైలు ఇనపడతందే," అన్నాడు, ముఖమంతా వెలిగిపోతూ. పోర్ట్ లూయీ వచ్చేదాకా ఆ చెక్కకి తల అంటించుకునే కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. రైలుకి ఉన్న అదృష్టం నాకు లేకపోయిందే అనుకున్నాను. నవ్వులాటకి చెప్పడం లేదు, ఆ పూట రైలు మీద నాకు నిజంగానే అసూయ కలిగింది.

దుకాణం ఆసామి బట్టతల క్రియోలు జాతివాడు, ముక్కోపి. ముందు మా మట్టికాళ్ళు చూశాడు, తరవాత మా ముఖాలు చూశాడు. దియపాజోన్ కావాలంటే, ఎవరికి, వైద్యుడికా, రోగికా, పాటగాడికా అన్నాడు. రోగీ ఈయనే, పాటగాడూ ఈయనే, వైద్యుడి దగ్గర్నుంచే వస్తున్నాం అన్నాను. దానికి అతనికి కొంచెం నవ్వొచ్చింది. మూడు రకాలూ బల్ల మీద పరిచాడు.

ఒకటి డాక్టరు దగ్గర చూసినదే. చాలాసేపు మోగుతుంది గాని, గొంతు మరీ లోతు. దాని పక్కన చిన్న ట్రే నిండా పాటగాళ్ళవి, సన్నగా, బిళ్ళలు లేకుండా, ఒక్కోదాని కాడ మీద ఒక్కో అక్షరం చెక్కి ఉన్నాయి. చర్చిలో పాడేవాళ్ళు, పియానో సరిచేసేవాళ్ళు వీటిలోంచే తీసుకుంటారట. బల్లకేసి కొట్టబోతే నా మీద కసిరాడు. గట్టిదానికి కొడితే సొట్ట పడుతుంది, సొట్ట పడితే స్వరం మారుతుంది, మోకాలికో అరచేతి అంచుకో కొట్టాలి. కొట్టాక తొందరపడకూడదు, చివరిదాకా వినాలి. మంచి ఉక్కు సన్నబడుతూ సన్నబడుతూ అదే స్వరం మీద ఆగిపోతుంది, నాసిరకం మధ్యలోనే జీరపోతుంది. రెండూ కొట్టి చూపించాడు. తేడా నాకు తెలిసింది.

మూడోది వేరే అట్టపెట్టెలో ఉంది. కాడ చివర గుండ్రటి బొత్తాం లాంటి పాదం. పెట్టె మీద ఒక దొరసాని దాన్ని మోకాలికి ఆనించుకుని కళ్ళు మూసుకున్న బొమ్మ. కీళ్ళనొప్పులకి, నరాల నిస్సత్తువకి, నిద్ర పట్టనివాళ్ళకి అన్నాడు. ఆపై మా ఆయన చెవులకేసి చూసి, రోజూ పొద్దున్నే చెవి వెనక పెట్టుకుంటే చెవుడు కూడా పోతుందని పెట్టెలో కాగితం మీద రాసుందన్నాడు. మీరు నమ్ముతారా అన్నాను. నేను అమ్ముతాను అన్నాడు.

డాక్టరు లేదన్న మాట నాకు గుర్తుంది. అయినా ఆ పెట్టె మీంచి చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

ముందు పాటగాళ్ళవి చూద్దామని, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాం. ఏ స్వరం కావాలని ఆసామి అడిగాడు. అక్షరాలు మాకు తెలియవు. తెలిసిందల్లా ఒకటే, భజనలో ఆయన ఎత్తుకునే చోటు. అది నా గొంతులో ఉంది. పరాయి మగవాడి ముందు, నడిబజారు దుకాణంలో, తల దించుకుని ఆ స్వరం పట్టాను. ఆయనకి కిందిస్థాయి, నాకు పైస్థాయి, కాని చోటు అదే. ఆసామి ఒక్కో పట్టకారూ మోగించి నా చెవి దగ్గర పెట్టాడు. స్వరం దగ్గరదగ్గరగా వచ్చినప్పుడు రెండు చప్పుళ్ళూ ఒకదాన్నొకటి తోసుకుని వణుకుతాయి. ఒకదాని దగ్గర ఆ వణుకు ఆగిపోయింది. నా గొంతేదో, ఉక్కేదో నాకే తెలియలేదు.

దాన్ని ఆయన చెవి వెనక ఆనించాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తరవాత అక్కడే, ఆ స్టూలు మీదే, కోవెలలో ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. ఎక్కడా తొణకలేదు. వీధిలో పోతున్నవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. ఆసామి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

రెండు కొనే స్తోమత మాకు లేదు. నేను ఆ బొత్తాం పాదంది ఆయన ముందు పెట్టి, దాన్నీ చెవినీ చూపించి, నా నోరు చూపించి, చేతులతో చెప్పాను. దీంతో చెవులు వస్తాయట, నేను పిలిస్తే వినపడతానట. ఆయనకి అర్థమైంది. దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు. పాటగాళ్ళదాన్ని గుప్పిట్లో పెట్టుకుని లేచాడు.

తిరుగు రైల్లో నేను మాట్లాడలేదు. మాట్లాడితే ఆయనకి వినపడుతుందా ఏమిటి. ఆయన హాయిగా చెక్కకి తల ఆనించి, మోకాలి మీద పట్టకారు మోగించుకుంటూ వచ్చాడు. నాకు కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఆయనకి భజన కావాలి, నాకు ఆయన కావాలి. అబద్ధమో నిజమో, ఒక ఆశ ఉంటే దాన్నీ వదిలేసి వచ్చాడు. రామయ్య పిలిస్తే వినడానికి వస్తువు కొన్నాడు, నేను పిలిస్తే వినడానికి కొనలేదు.

భజన మాత్రం నిలబడింది. ప్రతి శనివారం ఆయన పట్టకారుని మోకాలికి కొట్టి, చెవి వెనక పెట్టుకుని, స్వరం చూసుకుని ఎత్తుకునేవాడు. పెద్దాయన కూకోబెట్టే మాట మళ్ళీ ఎత్తలేదు. కాంపంతా దాన్ని శ్రుతి పట్టకారు అనడం మొదలుపెట్టారు. అందరికన్నా మా అత్త సంబరం ఎక్కువ. కొడుకుని నలుగురిలో నిలబెట్టిన సామానని దానికి రోజూ దండం పెట్టేది.

ఆ దండమే కొంప ముంచింది. సింహాద్రప్పన్న పూజ రోజు కోవెల కిటకిటలాడుతోంది. పక్క కాంపులవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చారు. అలంకారం పూర్తయింది, దీపం వెలిగించారు, తాళాలు చేతుల్లోకి వచ్చాయి. దీపానికి ఎదురుగా పీట మీద కూర్చుని మా ఆయన పట్టకారుని మోకాలికి కొట్టి చెవి వెనక పెట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ కొట్టాడు. నాకు కూర్చున్నచోటికి టక్కుమని మాత్రం వినిపించింది, కర్రకి కర్ర తగిలినట్టు.

అప్పుడు చూశాను. పట్టకారు రెండు కొమ్మలకీ పసుపు దిట్టంగా పట్టించి ఉంది. నాలుగు చోట్ల కుంకుమ బొట్లు. రెండు కొమ్మలూ కలిపి, మధ్యన పసుపుకొమ్ము పెట్టి, పసుపుదారంతో బిగించి కంకణం కట్టి ఉంది. కలశానికి కట్టినట్టు, పెళ్ళికూతురికి కట్టినట్టు. ఎవరు చేశారో అడగక్కర్లేదు. నా పక్కనే కూర్చుని మా అత్త మురిసిపోతూ చూస్తోంది.

ఎవరో ఆ దారం విప్పెయ్యమన్నారు. మా అత్త ముఖం పాలిపోయింది.

"పూజ అవకుండా కంకణం ఇప్పుతారేటి," అంది. "నా కొడుక్కి అరిష్టం. నానొప్పుకోను."

పూజారి కూడా విప్పకూడదనే అన్నాడు. పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. పట్టకారు మోగాలంటే దారం విప్పాలి, దారం విప్పాలంటే భజన అవాలి, భజన అవాలంటే పట్టకారు మోగాలి. తాళాలు పట్టుకున్నవాళ్ళు కాళ్ళు మార్చుకుంటున్నారు. పక్క కాంపువాళ్ళలో గుసగుసలు బయలుదేరాయి. వేరే ఎవరినైనా ఎత్తుకోమందాం అని ఒక గొంతు వినిపించింది. మా ఆయనకి అదేదీ వినపడదు. మూగదైన ఆ ఉక్కుముక్కని చేతిలో తిప్పుతూ, చాపల మీద ఆడవాళ్ళలో ఎవరినో వెతుకుతున్నట్టు చూశాడు. ఆ చూపు నన్ను పట్టుకున్నాక ఆగింది.

నాకు రైలు చెక్క గుర్తొచ్చింది. నా తలలోనూ ఉన్నది ఎముకే కదా అనిపించింది.

ఎలా లేచానో తెలియదు. మా వాళ్ళలో ఆడది భజన మధ్యకి రాదు. నలుగురి ఎదుట మొగుణ్ణి తాకదు, ఆ రోజుల్లో పక్కన నడవడమే ఎక్కువ. కొంగు నెత్తి మీదికి లాక్కుని, తాళాలవాళ్ళ మధ్యనుంచి వెళ్ళి, ఆయన వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నా నుదురు ఆయన చెవి వెనక ఎముకకి గట్టిగా ఆనించాను. మా అత్త గొంతులో ఏదో అడ్డంపడ్డ చప్పుడు వినిపించింది. కళ్ళు మూసుకుని స్వరం పట్టాను.

ఆయన వీపు ఒక్కసారి బిగుసుకుంది. ఎత్తుకుంటాడనుకున్నాను, ఎత్తుకోలేదు. ఊపిరి అయిపోతే మళ్ళీ తీసుకుని పట్టాను. అప్పటికీ ఎత్తుకోలేదు. శ్రుతి అందలేదేమో, సిగ్గంతా వృథా అయిందేమో అనుకున్నాను. నెమ్మదిగా ఆయన తల వెనక్కి వాలి నా నుదుటి మీద బరువుగా ఆగింది. అప్పుడు పాడాడు. అందరూ అందుకున్నారు, తాళాలు కదిలాయి, దీపం చుట్టూ కాళ్ళు తిరగడం మొదలయింది. నేను ఎప్పుడు లేచి చాప మీదికి వచ్చానో నన్నెవరూ చూడలేదు. చూసినా చూడనట్టే ఉన్నారు.

ఇంటికి వస్తున్నప్పుడు చెరకు తోటల మధ్య ఆయన నా పక్కకి వచ్చి నడిచాడు.

"నీ గొంతు ముదిరిపోనాదే," అన్నాడు, ఎప్పటిలాగే మరీ గట్టిగా. "ముందు లేతగుండేది."

ముందు నడుస్తున్న మా అత్త వెనక్కి తిరిగి చూసి, గబగబా అడుగులు వేసింది. నేను ఏడ్చాను, నవ్వాను కూడా. ఆయన నా గొంతు విని ఎన్నాళ్ళయిందో ఆ మాట బట్టి ఇద్దరం లెక్క వేసుకుని ఉంటాం.

ఇక రోజూ దగ్గరికి పిలుస్తాడనుకున్నాను. ఒకే గది ఇల్లు, పక్కన అత్త, వాకిట్లో వచ్చేపోయేవాళ్ళు. నాకై నేను దగ్గరికెళ్ళి తల ఆనించడానికి సిగ్గు. ఆయనా అడగలేదు. అడగడం చేతనైతే ఆయనెందుకవుతాడు. పూజ దారం విప్పి, పట్టకారుని కడిగి, తుడిచి, నూనె రాసి మోకాలికి కొట్టి చూశాను. అది మునుపటిలాగే మోగింది. ఇక నా అవసరం లేదని గుండె చిక్కబట్టుకున్నాను.

తరవాతి శనివారం కోవెలలో దీపం వెలిగించాక, ఆయన సంచిలోంచి పట్టకారు తీసి మోకాలికి కొట్టాడు. టక్కుమంది. కొమ్మలకి పసుపుదారం చుట్టి ఉంది.

నేను మా అత్తకేసి ఉరిమి చూశాను.

"నాను కాదే తల్లీ," అంది ఆవిడ, రెండు చేతులూ ఎత్తి. "అప్పన్న తోడు, నాను ముట్టుకోనేదు."

మా ఆయన ఎవరి వైపూ చూడడం లేదు. దీపానికి ఎదురుగా తల వంచుకుని, చెవి వెనక జుట్టు వేలితో పక్కకి తోసుకుని కూర్చున్నాడు. మళ్ళీ కొంగు లాక్కుని లేచాను. దగ్గరికెళ్ళాక దారం కనబడింది. అటూ ఇటూ దూర్చి, మధ్యలోంచి లాగి వేసిన ముడి.

అది మొదలు ఆయన ఉన్నన్నాళ్ళూ ప్రతి శనివారం ఆ దారం ఉండేది. భజన అయ్యాక ఆయనే విప్పేవాడు, పై శనివారం ఆయనే కట్టేవాడు. కాంపులో మొదట నవ్వుకున్నారు, తరవాత అలవాటుపడ్డారు. కొన్నాళ్ళకి, అది భజన పద్ధతిలో భాగమే అన్నట్టు, నేను లేచేదాకా తాళాలు కదిపేవారు కాదు.

ఇప్పుడు ఆ పట్టకారు నా పెట్టెలో ఉంది. మనవలు బడిలో ఇలాంటిదే చూశారట, మోగించి చూపించమని నా చుట్టూ తిరుగుతారు. మోగదు అంటాను. ఆయన ఆఖరి శనివారం కట్టిన దారం ఇంకా దానికే ఉంది, పసుపంతా పోయి తెల్లబడింది. విప్పుతాం ఇవ్వమంటారు. వాళ్ళకి ఇవ్వను. నేను అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను, మావా అని ఒకసారి పిలిచి మళ్ళీ లోపల పెట్టేస్తాను. ఆ ముడి విప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.